బుట్టలో మనిషి

గాలివాన వెలిసిన మర్నాడు, టెక్సస్‌లో మా వీధికి లైన్‌మన్ వచ్చాడు. మన ఊళ్లోలా స్తంభం ఎక్కలేదు. ట్రక్కు చేతి చివరనున్న బుట్టలో నిలబడి పైకి లేచాడు. అంతకుముందు చేసిన పనే నాకు నచ్చింది. నేల మెత్తదనం చూసి, ట్రక్కు కాళ్ల కింద పలకలు వేశాడు. ఒంటికి వేసుకున్న హార్నెస్ తాడును బుట్టకే తగిలించాడు. పక్క స్తంభానికి కట్టుకోకూడదని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన. బుట్ట కదిలితే మనిషి రెండింటి మధ్యా చిక్కుతాడు మరి! బుట్ట అంచెక్కి అందుకోవడమూ నిషిద్ధమే.

గాలి ఇంకో గండం. 2010 అక్టోబరులో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ సాధనను చిత్రీకరిస్తున్న విద్యార్థి, తానెక్కిన సిజర్ లిఫ్ట్ ఈదురుగాలికి కూలి చనిపోయాడు.

మా లైన్‌మన్ మాత్రం కొమ్మల ఊపు చూసి రెండుసార్లు కిందికి దిగాడు. కరెంటు లేక ఫ్రిజ్‌లో పాలు విరుగుతున్నాయని లోపల మేం విసుక్కుంటున్నాం.