రంగుల ఘనము: ఏ పద్ధతి త్వరితము?

ఎర్నో రూబిక్ 1974లో కల్పించిన రంగుల ఘనము ఎంత చిక్కుపడినను 20 మలుపులలో సరియగునని 2010లో కంప్యూటర్ల సాయమున నిరూపించిరి. ఆ ఇరువదియు ఏవో మనుష్యునకు తోచవు గదా! కనుకనే పద్ధతులు కావలసివచ్చినవి.

జెస్సికా ఫ్రిడ్రిక్ ప్రచారములోనికి తెచ్చిన పద్ధతిలో క్రింది రెండు వరుసలు ముగించి పై వరుసకు పోవుదురు. సుమారు 60 మలుపులు పట్టును. జిల్ రూ పద్ధతికి సుమారు 50 చాలును. అందుచేత రెండవదే త్వరితమనుట తొందరపాటు. కొల్లేటిలో అడ్డదారి పొట్టిదే. గుర్రపుడెక్క పడవను పట్టినచో గట్టు వెంట చుట్టి నడచినవాడే ముందు చేరును. ఘనమునందు ఆ గుర్రపుడెక్క యేదనగా, తరువాతి ముక్క కొరకు వెదకుచు చేయి ఆగుట. సెకనుకు 2 మలుపుల చొప్పున 60కి 30 సెకన్లు, 50కి 25. రెండవవాడు పదిచోట్ల సెకను చొప్పున ఆగెనా, 35 అగును! మొదటివాడు మూడుచోట్ల ఆగినను 33తో గెలుచును.

ఫ్రిడ్రిక్ పై వరుసకు 78 సూత్రములు కలవు. వానిని తొలినాడే వల్లె వేయించుట నాకు రుచింపదు. ఆ పనినే విడతలుగా చేసినచో 16 చాలును. ఏలూరువాడైనను, తాడేపల్లిగూడెమువాడైనను, క్రొత్తగా నేర్చు విద్యార్థి వీనితో మొదలిడి, మలుపుల సంఖ్యను, ఆగిన కాలమును వేరువేరుగా వ్రాసికొనవలెను. ఆగుట తగ్గిన పిమ్మటనే రూ పద్ధతిని పోల్చి చూచుట న్యాయము.