తాగేటోని మాటకు వాడలో చోటేది?

మద్యం మీద మన పత్రికల్లో వచ్చే రాతలు రెండు కొసల మధ్యనే తిరుగుతున్నాయి. ఒక కొసన నిషేధం, ఇంకో కొసన సర్కారు ఖజానా. నడుమ తాగే మనిషి కనిపించడు. కనిపిస్తే ముద్దాయిగానో, లెక్కగానో కనిపిస్తాడు. అతను మానాలనుకుంటే ఎక్కడికి పోవాలె? ఎవరి ముందర నోరు విప్పాలె? దళిత విమర్శ కూడా పక్కకు పెట్టిన ఈ ప్రశ్నను దౌల్తాబాద్‌లో నిలబడి వేయదలచుకున్నాము.

ఈ మండలం 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోది, ఇప్పుడు వికారాబాద్‌లోది. వలస కూలీల పాలమూరు నేల. ఈ ప్రాంతంలో తాగుడంటే సీసా ఒక్కటే కాదు, కల్తీ కల్లు కూడా. చెట్టు ఇచ్చే కల్లుకూ అమ్ముడుపోయే కల్లుకూ నడుమ తేడాను నింపేది క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. అంటే మత్తుమందులు. 2015 సెప్టెంబరులో సర్కారు దాడులతో కల్తీ ఒక్కసారిగా ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆస్పత్రులకు ఫిట్స్‌తో, మతి తప్పి జనం వందలుగా వచ్చారు. మానుడే ప్రాణం మీదికొచ్చింది. అందుకే ఈ నేల మీద కూటం గురించి మాట్లాడే ముందు ఒక మాట తప్పదు: ముందు డాక్టరు, తర్వాత కూటం.

ఇక కూటం సంగతి. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక షేర్ల దళారీ, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ హైదరాబాద్‌లో కూడా నడుస్తున్నది. ఫీజు లేదు. మానాలన్న కోరిక తప్ప అర్హత లేదు. ఉపన్యాసం ఉండదు, ఒకరు తన బతుకు చెప్తుంటే మిగతావాళ్లు మధ్యలో అడ్డం రాకుండా వింటారు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనకు ఈ సమానత్వం చిన్న విషయం కాదు. కానీ మొదటి 90 రోజుల్లో 90 కూటాలకు రమ్మని పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్తుంటారు. దౌల్తాబాద్ కూలీకి హైదరాబాద్‌లో గంట కూటమంటే ఒక దినం కూలి, పైన బస్సు కిరాయి. 90 దినాల కూలి ఎవరిస్తరు?

దూరం ఒక్కటే అడ్డం కాదు. ఆ పన్నెండు మెట్లను ఒక పాఠంగా చదివితే మొదటి మెట్టు దగ్గరే మనకు ఇబ్బంది. మద్యం ముందు తాము అశక్తులమని ఒప్పుకోవడం ఆ మెట్టు. అధికారం చేతిలో ఉన్నవానికి అది అహంకారం దిగే మెట్టు కావచ్చు. తరతరాలుగా అశక్తుడివనే చెప్పించుకున్నవానికి అది దిగేదా, మళ్లా అదే గుంతా? డప్పు కొట్టినందుకు కూలికి బదులు కల్లు పోసిన ఊరు, తర్వాత అతన్నే తాగుబోతు అన్నది. ఆ తిట్టునే లేచి నిలబడి తన పేరు పక్కన పెట్టుకొమ్మంటే నాలుక తిరగదు.

రెండోది పేరు. అక్కడ ఇంటిపేరు అడగరు. ఇక్కడ పేరు చెప్తే ఊరడుగుతరు, ఊరు చెప్తే వాడ అడుగుతరు. దాచిన పేరు, పోగొట్టుకోవడానికి పరువున్న వానికే ఎక్కువ అక్కర. అయితే ఆఫీసులో కొలువున్న దళితుడికి ఆ గోప్యత నిజంగా రక్షణే; అతను తాగితే నింద కులం మీద పడుతుంది. కాబట్టి గోప్యతను కొట్టిపారేయలేము. అమెరికా నల్లవాళ్లు ఏం చేశారో చూడాలె. తెల్లవాళ్ల కూటాల్లో చోటు దొరకనప్పుడు 1945లో వాషింగ్టన్‌లో, షికాగోలో తమ సొంత బృందాలు పెట్టుకున్నారు. పద్ధతిని తీసుకున్నారు, గది మార్చుకున్నారు.

మనకు కూటాలు కొత్తవా? 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ వాడల్లో తాగుడు మానమని చెప్పాడు. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో అంబేద్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టనన్నదీ ఒకటి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి లేచిన ఆడవాళ్ల ఉద్యమం 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. మొదటిది సంస్కర్త గొంతు, రెండోది నాయకుని ప్రతిజ్ఞ, మూడోది భార్యల కోపం. మూడూ మనవే, మూడూ కావలసినవే. తాగేటోడు తన నోట తాను చెప్పే నాలుగో కూటమే వాడలో లేదు. కల్లు తాగే ఆడదాని మాటకైతే అసలే చోటు లేదు.

సర్కారు మాత్రం మనల్ని మరువలేదు. 2021 మద్యం విధానంలో వైన్ షాపుల్లో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అమ్మే హక్కులో వాటా దొరికింది; మానేవానికి వాటా ఏదని అడగాలె.

ఆ సంస్థ నియమాల్లోనే మనకు పనికొచ్చే సంగతి ఒకటున్నది: మానదలచిన ఇద్దరు ముగ్గురు కూడితే అదే బృందం. వాడలో అంబేద్కర్ భవనమో, చర్చి గదో చాలు. కల్లు దుకాణం నిండే సాయంత్రం వేళే కూడాలె. ఆడవాళ్లకు వేరే కూటం ఉండాలె. అశక్తుణ్ని అనే మాట దగ్గర మొదలుపెట్టకుండా, నాకు మొదటిసారి పోసిందెవరు అన్న దగ్గర మొదలుపెట్టాలె. వణుకు, ఫిట్స్ ఉన్నవాణ్ని ముందు ఆస్పత్రికి తోలాలె. 14446కు ఫోన్ చేస్తే వ్యసనం మానడానికి సలహా దొరుకుతుంది, 14416కు చేస్తే మానసిక సాయం దొరుకుతుంది.

తాగుడు మానుడు సొంత నీతి విషయమని ఊరు అంటది. ఊరు పోసిన దాన్ని వాడ ఒక్కతే ఎందుకు కక్కాలె? ఆ లెక్క తేల్చేది నిషేధం ఒక్కటే కాదు. తాగినోడు తలదించకుండా మాట్లాడే గది కావాలె.