పవర్-డౌన్‌లో ఆ పిన్ను ఏం చేస్తోంది?

అంకెను వోల్టేజీగా మార్చే చిప్ డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్. సర్క్యూట్లు గీసేవాళ్లు దాన్ని పొట్టిగా డాక్ అంటారు. పని లేనప్పుడు దాన్ని పవర్-డౌన్‌లో పెట్టడం మామూలే. పెట్టేశాక చిప్ ఆగిపోయినట్టే, ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు అనే ధోరణి డిజైనర్లలో బలంగా ఉంది. నేను దీన్ని ఒప్పుకోను. నిద్రలో ఉన్న డాక్ కూడా సర్క్యూట్‌లో భాగమే. అప్పుడు దాని అవుట్‌పుట్ పిన్ను ఎలా ఉండాలన్నది స్కీమాటిక్ గీసేటప్పుడే తేలాలి, ప్రోగ్రాం రాసేటప్పటికి మిగలకూడదు.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి డాక్ 7512నే తీసుకుందాం. ఇది 12 బిట్ల చిప్. 5 వోల్టుల దగ్గర మేలుకుని ఉంటే సుమారు 135 మైక్రోయాంపియర్లు తాగుతుంది, పవర్-డౌన్‌లో 0.2కు దిగుతుంది. లోపలి రెసిస్టర్ల వరుస, అవుట్‌పుట్ యాంప్లిఫయర్ రెండూ ఆగుతాయి కాబట్టే అంత పొదుపు. అయితే యాంప్లిఫయర్ వదిలేసిన పిన్నును ఎవరు పట్టుకోవాలి? అందుకు రెండు బిట్లతో మూడు దారులు ఇచ్చారు: 1 కిలోఓమ్ ద్వారా గ్రౌండ్‌కు, 100 కిలోఓమ్‌ల ద్వారా గ్రౌండ్‌కు, లేదా ఎటూ కలపకుండా వదిలేయడం. ఆ పిన్ను మీద 5 వోల్టులకు 10 కిలోఓమ్‌ల పుల్-అప్ ఉందనుకోండి. 1 కిలోఓమ్ ఎంచుకుంటే పిన్ను 0.45 వోల్టు దగ్గర నిలుస్తుంది, 100 ఎంచుకుంటే 4.5 దగ్గర. చిప్ అదే, నిద్ర అదే, కానీ తర్వాతి దశకు ఒకసారి దాదాపు సున్నా, మరోసారి దాదాపు పూర్తి వోల్టేజీ అందుతోంది. ఇక పిన్నును ఎటూ కలపకుండా ఒక మాస్‌ఫెట్ గేటుకు వదిలేస్తే, ఆ గేటు వోల్టేజీని నిర్ణయించేది లీకేజీ మాత్రమే. మాస్‌ఫెట్ సగం తెరుచుకుని వేడెక్కినా అడిగేవాడుండడు.

అలాగైతే ఎప్పుడూ 1 కిలోఓమే పెడితే సరిపోతుంది కదా అనవచ్చు. పైన చెప్పిన పుల్-అప్ ఉన్నచోట ఆ దారిలో దాదాపు 450 మైక్రోయాంపియర్లు పారతాయి. మేలుకున్న చిప్ తనకోసం తాగే కరెంటుకు ఇది మూడు రెట్లకు పైనే. బ్యాటరీ కాపాడాలని నిద్రపుచ్చి బ్యాటరీనే ఖాళీ చేయడం ఏం పొదుపు? పవర్-డౌన్ జోలికి పోకుండా సున్నా కోడ్ రాస్తే చాలదా అనేవాళ్లూ ఉన్నారు. అప్పుడు పిన్ను నిలకడగా ఉంటుంది, నిజమే, కానీ ఆ 135 మైక్రోయాంపియర్లు ఖర్చవుతూనే ఉంటాయి. 220 మిల్లీయాంపియర్-అవర్ల నాణెం బ్యాటరీ ఈ లెక్కన అరవై ఎనిమిది రోజులైనా రాదు. మూడో వాదన, చిప్ సరఫరానే కోసేయడం, వినడానికి అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది. కానీ కంట్రోలర్ నుంచి వచ్చే తీగల్లో ఏ ఒక్కటి హైలో ఉన్నా రక్షణ డయోడ్ల గుండా కరెంటు చిప్ లోపలికి దూరుతుంది. ఇన్‌పుట్ వోల్టేజీ సరఫరాను 0.3 వోల్టుకు మించి దాటకూడదని డేటాషీట్ చెప్పేది ఇందుకే. సరఫరా కోస్తే ఆ తీగలన్నిటినీ కిందికి దించి ఉంచాలి. అది చేయగలిగినచోట ఈ పద్ధతికి నా అభ్యంతరం లేదు.

మేలుకోవడం గురించీ ఒక మాట. డేటాషీట్ ప్రకారం 5 వోల్టుల దగ్గర దానికి పట్టేది సుమారు 2.5 మైక్రోసెకన్లు. ఆ అంకె చిప్‌కు మాత్రమే వర్తిస్తుంది. అవుట్‌పుట్ మీద 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండి 100 కిలోఓమ్‌ల దారి ఎంచుకుంటే, నిద్రలోకి పోయేటప్పుడు వోల్టేజీ పూర్తిగా దిగడానికే అర సెకను పడుతుంది. పైగా నిద్రలోనూ రిజిస్టర్ పాత కోడ్‌ను మరచిపోదు. కొత్తది రాయకుండా లేపితే పిన్ను ఒక్కసారిగా పాత వోల్టేజీకి ఎగురుతుంది, దాని వెనక ఉన్న వాల్వో మోటారో దాన్ని ఆజ్ఞగానే తీసుకుంటుంది. డాక్ 7512లో పవర్-డౌన్ బిట్లు, కోడ్ ఒకే 16 బిట్ల పదంలో వెళ్తాయి కాబట్టి లేపే పదంలోనే సరైన కోడ్ పెట్టవచ్చు. మైక్రోచిప్ వారి ఎంసీపీ 4725 ఇంకో అడుగు ముందుంది. ఆ రెండు బిట్లను కోడ్‌తో పాటు తన ఈఈప్రామ్‌లో దాచుకుంటుంది, కరెంటు వచ్చిన క్షణం నుంచే మనం ముందుగా ఎంచిన స్థితిలో మొదలవుతుంది, కంట్రోలర్ ఇంకా మేలుకోకపోయినా సరే.