ఫోనులో అక్క, గ్రూపులో అంగడి

ఏది ప్రకటన, ఏది మామూలు మాట అని గుర్తుపట్టడం మన పెద్దవాళ్ల కాలంలో కష్టం కాదు. గోడ మీద రంగులతో రాస్తే ప్రకటన. టీవీలో సినిమా మధ్యలో ఆగి సబ్బు కనబడితే ప్రకటన. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు చెప్పేది మాట. సోషల్ మీడియా వచ్చాక ఈ రెండిటి మధ్య గీత చెరిగిపోయిందని నా అభిప్రాయం.

మాది సోలాపూర్. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. బోర్డులు కూడా చాలావరకు మరాఠీలోనే ఉంటాయి. మా నానమ్మను ఇన్నేళ్లలో ఏ పెద్ద కంపెనీ బోర్డూ తెలుగులో పలకరించలేదు. ఇప్పుడు ఫోను పలకరిస్తోంది. ఆమె తెలుగు వంటల వీడియోలు చూస్తుంది కాబట్టి ప్రకటనలూ తెలుగులోనే వస్తున్నాయి. "అక్కలూ, చెల్లెళ్లూ, నేను రోజూ ఇదే వాడుతున్నా" అంటూ ఒకామె తలనూనె చూపిస్తుంది. "మంచి పిల్ల, మన మాటే మాట్లాడుతుంది" అంటుంది నానమ్మ. ఆ మాటకు ఆ పిల్ల డబ్బు తీసుకుందేమో అన్న అనుమానం ఆమెకు రాదు. నూనె అమ్మడం తప్పు కాదు. వరస కలిపి, డబ్బు సంగతి దాచి అమ్మడం తప్పు.

దీనికి నియమాలు లేకపోలేదు. డబ్బు గానీ, ఉచితంగా వస్తువు గానీ తీసుకుని చెబితే అది ప్రకటన అని స్పష్టంగా చూపించాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. కానీ నేను చూసిన వీడియోల్లో మాటంతా తెలుగులో ఉంటుంది, "యాడ్" అన్న ఒక్క ముక్క మాత్రం మూలన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. నానమ్మకు ఇంగ్లీషు రాదు. తెలుగులో అమ్మేవాళ్లు తెలుగులోనే హెచ్చరించాలి కదా?

ఇక మనవాళ్ల సంగతి. మా కుటుంబం గ్రూపులో సోలాపూర్, భివండీ, సిరిసిల్ల చుట్టాలందరూ ఉన్నారు. తెల్లవారితే శుభోదయం బొమ్మలు. పైన దేవుడు, మధ్యలో సూక్తి, కింద ఏదో నగల దుకాణం పేరు. పంపిన మామయ్య ఆ దుకాణం గడప కూడా తొక్కి ఉండడు. అయినా పైసా తీసుకోకుండా రోజూ దాని బోర్డు మోస్తున్నాడు. పెళ్లికి బొట్టు పెట్టి పిలిచే చోట ఇప్పుడు వీడియో కార్డు వస్తోంది. జవాబుగా మనం రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతాం. నాలుగు మాటలు రాయాల్సి వస్తే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాం. అమ్మేవాళ్లు మన మాట నేర్చుకుంటున్నారు, మనమేమో దాన్ని తగ్గించుకుంటున్నాం.

మంచి కూడా ఉంది, దాన్ని దాచను. మా వాడలో బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ ఇప్పుడు వాట్సాప్ స్టేటస్‌లో తువాళ్లు, దుప్పట్లు పెట్టి అమ్ముతోంది. బోర్డుకు, పేపరు ప్రకటనకు ఆమె దగ్గర డబ్బెక్కడిది? ఈ ఫోనే ఆమె దుకాణం. ఆమె కూడా "కొనండి బిడ్డా" అనే అంటుంది. తేడా ఏమిటంటే, దుప్పటి రంగు పోతే పొద్దున్నే ఆమె గుమ్మం ముందు నిలబడి అడగవచ్చు. వరసకు ఆ బాధ్యత ఉంటుంది. వీడియోలో అక్కకు గుమ్మం లేదు.

అందుకే తోటి విద్యార్థులకు నా మనవి. ఫోనులో ఎవరైనా వరస కలిపితే, సరుకు బాగాలేనప్పుడు ఎవరిని అడగాలో ముందు చూడండి. ఆ మూలనున్న చిన్న అక్షరాలను ఇంట్లో పెద్దవాళ్లకు చదివి, తెలుగులో చెప్పండి. చుట్టాల గ్రూపులో దుకాణం బొమ్మకు బదులు సొంతంగా ఒక్క వాక్యం రాయండి, అదీ తెలుగు అక్షరాల్లో. ఇక్కడ మనం బడిలో తెలుగు నేర్చుకుంటున్నది అందుకే కదా.