వెయ్యిసార్లు రాయొచ్చు, కానీ...

రీరైటబుల్ డీవీడీ మీద వెయ్యిసార్ల దాకా చెరిపి రాయొచ్చని తయారీదార్లు చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు గానీ, ఇంటి వీడియోలు దాచుకునేవాళ్లకు దానివల్ల ఒరిగేది తక్కువ. డీవీడీ-ఆర్‌డబ్ల్యూ, డీవీడీ+ఆర్‌డబ్ల్యూ డిస్కుల్లో సాధారణంగా వెండి, ఇండియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిసిన పలుచని లోహపు పొర ఉంటుంది. లేజర్ ఒక చుక్కను కరిగిస్తే, అది వెంటనే చల్లారి అణువుల వరుస చెదిరి మసకబారుతుంది. అంతకన్నా తక్కువ వేడి తగిలితే తిరిగి స్ఫటికమై మెరుస్తుంది. పలక తుడిచినంత తేలిక కాదిది. రాసిన ప్రతిసారీ లోహం కరగాల్సిందే. వెయ్యి లెక్క శుభ్రమైన డిస్కుకు, కుదురైన రైటరుకు. ఇళ్లలో తిరిగే డిస్కు మీద వేలిముద్రలు, దుమ్ము తప్పవు. చదివేటప్పుడు వాటితో ఎలాగో నెట్టుకురావచ్చు. రాసేటప్పుడు అవి లేజర్‌కు అడ్డుపడితే చుక్క సరిగ్గా పడదు. పైగా రికార్డింగు మధ్య నుంచి అంచు వైపు సాగుతుంది కనుక, అరగంట కార్యక్రమాలే ఎక్కించి చెరిపే ఇంట్లో లోపలి భాగం అరిగిపోతుంటే బయటి భాగం కొత్తగానే ఉంటుంది. అరుగుదల డిస్కంతటా సమానం కాదు.

‘ఎక్కించగానే వేసి చూశాం, బొమ్మ బాగానే వచ్చింది కదా’ అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. డీవీడీలో సమాచారాన్ని 32 కిలోబైట్ల బ్లాకులుగా చేసి, ప్రతి బ్లాకుకూ తప్పులు దిద్దే అదనపు అంకెలు జోడిస్తారు. కొన్ని బైట్లు పాడైనా ప్లేయర్ వాటిని లెక్కగట్టి పూరిస్తుంది. తెర మీద మనకేమీ తెలియదు. వీహెచ్ఎస్ టేపు అరిగేకొద్దీ గీతలు పడి ముందే హెచ్చరించేది. డిస్కు ఆ మర్యాద పాటించదు. తప్పులు దిద్దుబాటు హద్దు దాటిన రోజున బొమ్మ గళ్లుగళ్లుగా చీలి అక్కడే బిగుసుకుపోతుంది. ఇంకో సంగతి: అచ్చువేసిన ఒక పొర సినిమా డిస్కు కనీసం 45 శాతం కాంతిని తిప్పికొడితే, ఆర్‌డబ్ల్యూ డిస్కు తిప్పికొట్టేది 18 నుంచి 30 శాతమే. రాసిన రికార్డరులో ఆడిన డిస్కును చుట్టాలింటి పాత ప్లేయర్ గుర్తించకపోవడానికి ఇదొక కారణం. రాసిన యంత్రంలోనే వేసి చూస్తే పరీక్ష సగమే అయినట్టు.

ఒక్కసారే రాసే డీవీడీ-ఆర్‌లో ఉండేది రంగుపొర, అది వెలుతురుకు చెడుతుంది, లోహపు పొరకు ఆ బాధ లేదు కదా అన్న వాదనా ఉంది. అందులో నిజముంది. కానీ పొర మన్నినంత మాత్రాన వీడియో మన్నదు. చెరపడానికి వీలున్న డిస్కును ఎప్పుడో ఒకప్పుడు ఎవరో చెరుపుతారు. రిమోట్ మీద రెండు బటన్లు చాలు. తిరగరాయగలిగే మరో రకం డిస్కు డీవీడీ-ర్యామ్ లక్షసార్లు రాయించుకుంటుంది, పాడైన చోటును తనే పక్కనపెడుతుంది. కానీ దాన్ని చదివే ప్లేయర్లు చాలా తక్కువ. అందుకే నా లెక్కలో ఆర్‌డబ్ల్యూ మధ్యంతర సరుకు. టీవీ కార్యక్రమం రేపు చూడ్డానికో, ఎడిటింగు సరిచూసుకోవడానికో దానికి సాటి లేదు. దాచుకోవాల్సినదాన్ని మాత్రం కొత్త డీవీడీ-ఆర్ మీదికి, హార్డ్ డిస్కులోకి ఎక్కించి, రాసినదాన్ని కంప్యూటర్ చేత పోల్చి చూపించుకోవాలి. మీ ఇంటి పెళ్లి వీడియో ఇంకా ఆర్‌డబ్ల్యూ డిస్కు మీదే ఉంటే, డ్రైవు దాన్ని చదవగలుగుతున్నప్పుడే కాపీ తీసుకోండి.