చాళీ మాట – తెర మాట : డిజిటల్ శబ్దగ్రాహక యంత్రముపై ఒక విమర్శ

మాటకు అర్థమొకటి, స్వరమొకటి కలవు. అర్థమును లిపి మోయగలదు. స్వరమును మోయుటకు యంత్రము కావలసివచ్చెను. చలనచిత్రమునకు ‘టాకీ’ అను పేరు మాటవలననే వచ్చినది. అయినను తెలుగు విమర్శకులు కథను, నటనను, సంగీతమును, ఛాయాగ్రహణమును తూచినంత శ్రద్ధతో ఆ మాటను పట్టెడు సాధనమును తూచియుండలేదు. సాధనమును పరిశీలించినగాని తెరపై వినబడు తెలుగు ఎవరి తెలుగో తేలదు. చిత్రీకరణ స్థలముననే శబ్దమును గ్రహించు డిజిటల్ రికార్డరు వలన తెలుగు మాటకు కలిగిన లాభమెంత, కలుగవలసిన లాభమెంత అను విషయమును విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ విచారమునకు ముంబై నగరమే తగిన ఆరంభస్థానము. భారతదేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ను ఆర్దేషిర్ ఇరానీ తన ఇంపీరియల్ సంస్థ పక్షమున ఇచ్చటనే నిర్మించెను. అది 1931 మార్చి 14వ తేదీన మెజెస్టిక్ థియేటరులో విడుదలయ్యెను. స్టూడియో రైలుమార్గమునకు సమీపమున నుండుటచే పగటివేళ శబ్దగ్రహణము సాగలేదు. రైళ్ల రాకపోకలు ఆగిన పిమ్మట, అర్ధరాత్రి దాటిన తరువాత చిత్రీకరణ జరిపిరి. మైక్రోఫోనులను కెమెరాకు కనబడకుండ దాచిరి. టానార్ అను యంత్రము చిత్రమును, శబ్దమును ఒకే ఫిల్ముపై ఏకకాలమున ముద్రించెడిది. పలుకు తప్పినచో చిత్రమును తప్పినట్లే. తరువాత దిద్దుకొనుటకు వీలు లేదు.

తొలి సంపూర్ణ తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున ఈ నగరముననే తయారైనది. అందు సురభి కమలాబాయి లీలావతిగాను, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపునిగాను నటించిరి. ఈ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చిరకాలము చెప్పుకొనిరి. పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి ఆధారములను పరిశీలించి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా థియేటరున మొదట విడుదలైనదని తేల్చెను. కనుక తెలుగు తెర తొలిసారి నోరు విప్పినది కృష్ణాతీరమున కాదు, గోదావరీతీరమున కాదు, అరేబియా సముద్రతీరమున. ఆ చిత్రపు ప్రతి నేడు లభ్యము కాదు. నటీనటుల పేర్లు మిగిలినవి, తేదీలు మిగిలినవి, వారి గొంతులు మాత్రము మిగులలేదు.

ఈ నష్టమునకు తోడైన వేరొక నష్టము కలదు. కామాఠీపురమునకు ఆ పేరు, కట్టడపు పనులకై వచ్చి అచ్చట స్థిరపడిన తెలుగు కామాటీల వలన వచ్చినది. గ్రియర్సన్ పర్యవేక్షణమున వెలువడిన భారతదేశ భాషా సర్వేక్షణము నాలుగవ సంపుటము (1906) బొంబాయి ప్రాంతమున ఇటుకపనివారు మాటాడు తెలుగును ‘కామాఠీ’ అను పేర ప్రత్యేకముగా పేర్కొన్నది. అనగా ఈ నగరపు తెలుగునకు శాస్త్రగ్రంథమున స్థానము లభించి నూరేండ్లు దాటినది. లిపిలో దాని పదములు నిలిచినవి. దాని కాకువు, దాని విరుపు, మేస్త్రీ కేకలోని దీర్ఘము, అమ్మ పిలుపులోని సాగదీత లిపికి అందలేదు. కామాఠీపుర నామము చలనచిత్రములకు సుపరిచితమే. అయినను ఆ నామమునకు మూలమైన జనుల మాట తెరపై వినబడుట అరుదు.

తొలినాటి టాకీలలో మాట పలికినచోటనే పట్టుబడెడిది. 1935లో నితిన్ బోస్ తీసిన ‘ధూప్ ఛావ్’తో నేపథ్యగానము ప్రవేశించి, పాటను నటుని కంఠమునుండి వేరుచేసెను. తరువాతి దశాబ్దములలో చిత్రీకరణ ఆరుబయటికి వ్యాపించినకొలది, చప్పుడుచేయు తేలిక కెమెరాల వాడుకయు పెరిగెను. అప్పుడు సంభాషణమునుగూడ స్టూడియోలో మరల చెప్పించు డబ్బింగు పద్ధతి బొంబాయిలోను, మద్రాసులోను స్థిరపడెను. ఇట్లు తెలుగు చిత్రములందు పెదవి ఒకచోట, పలుకు ఒకచోట అయినవి.

పశ్చిమ దేశములలో పరిణామము వేరొక దారిని నడచెను. స్టీఫన్ కుడెల్‌స్కీ 1951లో నాగ్రా అను టేపు రికార్డరును రూపొందించెను. పోలిష్ భాషలో ఆ పదమునకు ‘నమోదు చేయును’ అని అర్థము. 1958 నాటి నాగ్రా–3 యంత్రము బ్యాటరీలతో నడచుచు, భుజమునకు తగిలించుకొని ఎచ్చటికైనను కొనిపోదగినదై, కెమెరా వేగముతో పొత్తు కుదుర్చుకొనగల సంకేతమునుగూడ టేపుపై నుంచెను. వీధి, పొలము, కర్మాగారము స్టూడియోలతో సమానమైనవి. అయితే అయిదంగుళముల టేపుచుట్ట సుమారు పావుగంటకే ముగిసెడిది. చుట్ట మార్చునంతలో మాటాడువాని ఉత్సాహము చల్లారెడిది.

డిజిటల్ యుగము ఈ చిక్కును తొలగించెను. 1990ల చివర హార్డుడిస్కుపై వ్రాయు యంత్రములు వచ్చినవి. పిమ్మట మెమరీకార్డులు వచ్చినవి. వీని పని క్లుప్తముగా ఇట్టిది: యంత్రము శబ్దతరంగపు ఎత్తును క్షణమునకు 48,000 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 24 బిట్ల సంఖ్యగా వ్రాయును. ఒక ట్రాకు గంటకు సుమారు 518 మెగాబైట్ల చోటును ఆక్రమించును. ఎనిమిది ట్రాకులైనచో నాలుగు గిగాబైట్లకు కొంచెము మించును. ఒక్కొక్క బిట్టు సుమారు ఆరు డెసిబెల్‌ల వ్యాప్తి నిచ్చును. కావున 24 బిట్లకు సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్‌లు లభించును. ఎనిమిది మందికి ఎనిమిది మైకులు పెట్టి, ఎవరి మాటను వారి ట్రాకులోనే నిలుపవచ్చును. టైమ్‌కోడ్ అను కాలగణన సంకేతమువలన చిత్రమునకును, శబ్దమునకును ఏకత్వము కుదురును. 24 ఫ్రేముల లెక్కన గంటకు 86,400 ఫ్రేములు. మేలైన యంత్రపు గడియారము రోజంతయు నడచినను ఒక్క ఫ్రేము తప్పదు. 2019లో వచ్చిన జూమ్ ఎఫ్–6 వంటి చిన్న యంత్రములు 32 బిట్ల ఫ్లోట్ పద్ధతిని సామాన్యులకు చేరువ చేసినవి. గుసగుసయు, కేకయు ఒకే వాక్యమున వచ్చినను, మైకు తట్టుకొన్నంతవరకు, తరువాత స్థాయిని సరిచేసికొనవచ్చును.

గుణము లింత గొప్పవైనను, విమర్శకుడు సంఖ్యలకు మోసపోరాదు. బిట్లు పెరిగినంతమాత్రమున మాట స్పష్టము కాదు. యంత్రమునకు వివక్ష లేదు. మనుష్యుని చెవికి కలదు. దాదర్ చాళీ వరండాలో ఇద్దరు మాటాడుకొనుచుండగా చెవి ఆ మాటను ఏరుకొనును. యంత్రమో, పశ్చిమ రైలుమార్గమును, మధ్య రైలుమార్గమును కలియు ఆ స్టేషనులోని లోకల్ రైళ్ల ధ్వనిని, పూలబజారు కేకలను, కుక్కరు ఈలను, నల్లా క్రింద బిందె మ్రోతను మాటతో సమానముగా వ్రాసికొనును. 1931లో రైలు ఆగువరకు వేచియుండిన ఇరానీ కష్టము నేటి రికార్డిస్టునకు తీరలేదు. తీరినది నిల్వ చేయు కష్టము మాత్రమే. వినవలసిన కష్టము అట్లే యున్నది.

కావున మేలైన స్థలశబ్దము మొదట మనుష్యుని పని, పిదప యంత్రపు పని. ఆరుబయట మైకును మాటాడువానికి సగము దూరమునకు చేర్చినచో పలుకు ఆరు డెసిబెల్‌లు హెచ్చును. వేల రూపాయల యంత్రము చేయలేని మేలును రెండడుగుల జరుగుబాటు చేయును. గదిలో మ్రోత తగ్గుటకు దుప్పట్లు కట్టుట, పంకా నాపుట, నీళ్లు వచ్చు వేళ తెలిసికొనుట, ఎవరును మాటాడకుండ అచ్చటి నిశ్శబ్దమును ఒక నిమిషము పట్టియుంచుట రికార్డిస్టు విద్యలోని భాగములు. చాళీ నిశ్శబ్దమును బంగళా నిశ్శబ్దమును ఒకటి కావు. ఆ భేదము తెలియనివాని చేతిలో ఎంత విలువైన యంత్రమైనను నిష్ఫలము.

ఇంత శ్రమ యెందులకు, డబ్బింగు చాలదా అని ప్రశ్నింపవచ్చును. ఆ పద్ధతికి న్యాయముగా చెప్పవలసినది కలదు. తెలుగు రాని నటులకు అది తెలుగు నిచ్చెను. గొప్ప గాత్రధారులను తయారుచేసెను. ఒక చిత్రము పలుభాషలలో వెలువడుటకు తోడ్పడెను. కాని అది మాటను శుభ్రపరచు నెపమున మాటాడువాని ఊరిని తుడిచివేయును. ఒక ఉదాహరణము చాలును. తెలంగాణమునుండి వచ్చి తరములుగా ఈ నగరమున నున్న యింటిలో పెద్దావిడ, “ఖోలీల ఎవ్వలు లేరా?” అని పిలుచును. ఇందలి ‘ఖోలీ’ మరాఠీది. ‘ల’ అను ప్రత్యయము తెలంగాణమునది. పిలుపులోని సాగదీత పొడవాటి వరండాది. స్టూడియోలో దీనిని “గదిలో ఎవరూ లేరా?” అని చెప్పింతురు. అర్థము చెడలేదు. పోయినదల్లా ఆమె పుట్టిన జిల్లా, బ్రతికిన నగరము, నిలిచిన గుమ్మము. ఆ వాక్యమునే యథాతథముగా స్టూడియోలో చెప్పించినను గుమ్మము తిరిగి రాదు. ప్రక్క గదివారికి వినబడవలెనని ఎత్తిన గొంతు మైకు ముందర కూర్చున్న గొంతు కాజాలదు.

స్థలశబ్దపు ఫలితము అనుమానాస్పదము కాదు. హిందీలో ‘లగాన్’ (2001) చిత్రమునకు నకుల్ కామ్టే చిత్రీకరణ స్థలముననే సంభాషణమును గ్రహించి చూపెను. ముంబై వీధులలో చిత్రింపబడిన ‘స్లమ్‌డాగ్ మిలియనేర్’ శబ్దమిశ్రణమునకు 2009లో రసూల్ పూకుట్టి సహచరులతో కలసి ఆస్కార్ పురస్కారము నందెను. తెలుగులో ‘పెళ్ళిచూపులు’ (2016), ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఈ పద్ధతిని చేపట్టినవి. రెండవ చిత్రమున విశాఖపట్టణములోని ఒక పేట తన ప్రజలతో, తన పలుకుతో తెరకెక్కినది. కంచరపాలెమునకు సిద్ధించిన గౌరవము కామాఠీపురపు తెలుగునకు, వర్లీ తెలుగునకు ఇంకను సిద్ధింపవలసియున్నది.

ఇచట కాలవిషయమై తొందర కలదు. తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించిన వర్లీ బి.డి.డి. చాళీల స్థానమున ఎత్తైన భవనములు లేచుచున్నవి. వరండా పోయి తలుపు మూసిన గది వచ్చినచో, వరండాకై పుట్టిన గొంతును మారును. నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమమున చేరు పిల్లల సంఖ్యయు తగ్గుచున్నది. మనుమడు అవ్వతో హిందీలో మాటాడు యింట, అవ్వ తెలుగును పట్టియుంచు చోటు తెరయైనను కావలెను, శబ్దభాండారమైనను కావలెను.

ఆ పనికి చలనచిత్ర సంస్థలకొరకు వేచియుండ నక్కరలేదు. దాదర్‌లో ఆంధ్ర మహాసభ కలదు. పేటపేటకు తెలుగు సంఘములు కలవు. ఒక మంచి రికార్డరు, రెండు మైకులు, ఓపికగల ఇద్దరు యువకులు ఆరంభమునకు చాలుదురు. అయితే ఒక హెచ్చరిక అవసరము. డిజిటల్ ధ్వని అరుగదు. కాని కార్డు చెడిన నాడు అది మొత్తముగా నశించును. మూడు ప్రతులను మూడు చోట్ల నుంచి, ఎవరు, ఎచ్చట, ఏనాడు మాటాడినది వ్రాసియుంచినగాని పని పూర్తియైనట్లు కాదు. మాటాడినవారి అనుమతియు తీసికొనవలెను.

డిజిటల్ శబ్దగ్రాహక యంత్రము గొప్పది. దాని గొప్పతనము 144 డెసిబెల్‌లలో లేదు. వరండాలో నిలిచి పిలిచిన సామాన్యురాలి గొంతును, స్టూడియోలో పలికిన హిరణ్యకశిపుని గొంతును సమానమైన మర్యాదతో వ్రాసికొనుటలో నున్నది. హిరణ్యకశిపుని గొంతును తెలుగుజాతి పోగొట్టుకొన్నది. వరండాలోని గొంతు ఇంకను పిలుచుచున్నది.