గుడ్లు లెక్కేశారు, గడప లెక్కేయలేదు

పోషకాహార పథకాల మూల్యాంకన నివేదికలు తిరగేస్తే యెన్ని గుడ్లు పంచారు, యెన్ని కేంద్రాలు తెరిచారు, యెందరిని తూచారు అనేవే ఫలితాలుగా చలామణి అవుతుంటాయి. ఇవి ఖర్చు లెక్కలు. పిల్ల ఒంట్లోకి యేం చేరిందో వీటిలో ఉండదు.

తెలంగాణనే తీసుకుందాం. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలో ఒకపూట పూర్తి భోజనం: అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మంచి పథకమే, కాదనం. అయినా వయసుకి తగ్గ యెత్తు లేని అయిదేళ్ళలోపు పిల్లలు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 28 శాతం ఉంటే, తర్వాతి సర్వేకి 33 శాతమయ్యారు. రక్తహీనత 61 నుంచి 70కి పోయింది. కరోనా మీదికి నెట్టేద్దామన్నా కుదరదు, తెలంగాణలో ఆ సర్వే 2019లోనే ముగిసింది. అలాగని పథకం వట్టిదనెయ్యడమూ తొందరపాటే. అది లేకపోతే యెంత ఉండేదో ఈ అంకెలు చెప్పవు. యెవరు తిన్నారో అసలే చెప్పవు.

సగటులో కులం మాయమవుతుంది. అదే 2019-21 సర్వేలో దేశం మొత్తమ్మీద యెత్తు తక్కువ పిల్లలు 35.5 శాతమైతే, ఎస్సీల్లో సుమారు 39, ఎస్టీల్లో 41. అంగన్‌వాడీలు ముందు ఎస్సీ, ఎస్టీ వాడల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనూ, మళ్ళీ 2006లోనూ చెప్పింది. మరి మూల్యాంకనం చేసేవాళ్ళు కేంద్రం ఊళ్ళో ఉందా వాడలో ఉందా అని యెందుకడగరు? రిజిస్టర్లో ఎస్సీ అని గడి ఉంటుంది. గడిలో పేరు పడితే మనిషి వచ్చినట్టేనా?

ఆ భోజనం కేంద్రంలోనే కూచుని తినాలన్నది నియమం. ఇంటికిస్తే మగాళ్ళూ పిల్లలూ తినేస్తారని, అందులో న్యాయం లేకపోలేదు. కానీ కలుపుకో నాట్లకో పోయిన మాదిగామె మధ్యాహ్నం చేను వదిలి వస్తే పూట కూలి పోతుంది. గుడ్డు కావాలా, కూలి కావాలా? ఆమె కూలే కావాలంటుంది. నివేదిక మాత్రం 'తల్లులకి అవగాహన లేదు' అని రాస్తుంది. తప్పు పనివేళలది, నింద ఆమెకి!

వచ్చినామె యెక్కడ కూచుంది, వండిన ఆయమ్మది యే కులం, ఆ వంట యెవరు ముట్టలేదు - ఇవీ ఫలితాలే. వీటికి త్రాసు అక్కర్లేదు. నాట్ల రోజుల్లో మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళి గంటసేపు ఆ కేంద్రంలో కూచుంటే చాలు.